కూర్చున్న కుర్చీలో దాగిన విభక్తి

తెలుగులో ‘నిన్న వచ్చిన అబ్బాయి’ అన్న మూడు మాటలు ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి ‘ది బాయ్ హూ కేమ్ ఎస్టర్డే’ అవుతాయి. మాటల వరుస తలకిందులవుతుంది. చివరనున్న అబ్బాయి ముందుకొస్తాడు, ముందున్న ‘నిన్న’ చివరికి పోతుంది. అంతకన్నా పెద్ద మార్పు ఇంకొకటి ఉంది. తెలుగులో ఆనవాలైనా లేని ‘హూ’ అన్న మాట ఒకటి మధ్యలో వచ్చి చేరుతుంది. హూ, హూమ్, హూజ్, విచ్, దట్ అనే ఈ మాటలను ఇంగ్లీషు వ్యాకరణం రిలేటివ్ ప్రొనౌన్లు అంటుంది. తెలుగులో సంబంధ సర్వనామాలు అనవచ్చు. వీటిలో ఏది ఎక్కడ వాడాలి, దాని వెనక వచ్చే క్రియను ఏ కాలంలో పెట్టాలి అన్న రెండు ప్రశ్నలూ తెలుగు పిల్లలను బడి నుంచి ఉద్యోగ పరీక్ష దాకా వెంటాడుతూనే ఉంటాయి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాల్లో ఈ ప్రశ్నలకు ఈమధ్య బరువు పెరిగింది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 విద్యాసంవత్సరంలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం మొదలైంది. తండ్రి రైసుమిల్లులో హమాలీ, తల్లి నాట్లకు వెళ్ళే కూలీ అయిన ఇంటి నుంచి వచ్చే పిల్లకు ఇంగ్లీషు వినబడేది తరగతి గదిలోనే. చుట్టుపక్కల తండాల నుంచి వచ్చే పిల్లలకైతే ఇంట్లో లంబాడీ, బజారులో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. పదో తరగతి ఇంగ్లీషు పరీక్షలో రెండు చిన్న వాక్యాలిచ్చి ఒకటిగా కలపమనడం మామూలు. టీచరు ఉద్యోగానికి రాసే టెట్‌లో ఇంగ్లీషుకు 30 మార్కులున్నాయి. గ్రూప్-1 మెయిన్స్‌లో ఇంగ్లీషు పేపరు గట్టెక్కకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లాభం లేదు.

ఇన్ని పరీక్షల్లోనూ పిల్లలు చేసే తప్పులను దగ్గరగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. అవి తోచినట్టు చేసిన తప్పులు కావు. ఒకే రకం వాక్యంలో, ఒకే చోట, ఒకే తీరుగా పడే తప్పులు. వాటి వెనక తెలుగు వ్యాకరణం నిక్కచ్చిగా పనిచేస్తూ ఉంటుంది. ఆ పని ఎలా జరుగుతుందో తెలిస్తే తప్పు దిద్దుకోవడం సగం సులువవుతుంది.

క్రియ విశేషణంగా మారినప్పుడు

ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని 1856లో వెలువరించిన రాబర్ట్ కాల్డ్వెల్, ఈ భాషలను సంస్కృతం నుంచి వేరుచేసే గుర్తుల్లో ఒకటిగా ఈ లక్షణాన్నే చెప్పాడు. సంస్కృతంలో సంబంధ సర్వనామం ఉంది, ద్రావిడ భాషల్లో దాని పని చేసేది క్రియ నుంచి పుట్టిన విశేషణం. తెలుగు నేర్చుకుని తెలుగు వ్యాకరణాలు రాసిన ఇంగ్లీషు దొరలు దీనికి రిలేటివ్ పార్టిసిపుల్ అని పేరు పెట్టారు. 1840లో అచ్చయిన సి.పి. బ్రౌన్ వ్యాకరణంలోనూ ఆ పేరే ఉంది. మన పండితులు దీన్నే ధాతుజ విశేషణం అన్నారు. ధాతువు నుంచి పుట్టిన విశేషణం అని అర్థం. బడి పుస్తకాల్లో క్రియాజన్య విశేషణం అని కూడా కనబడుతుంది.

‘వచ్చు’ అనే ధాతువుకు ఇలాంటి రూపాలు నాలుగున్నాయి: వచ్చిన, వస్తున్న, వచ్చే, రాని. తెలుగువాడు రోజుకు వందసార్లు వాడే రూపాలివి. వచ్చిన అబ్బాయి, వచ్చిన అమ్మాయి, వచ్చిన చుట్టాలు, వచ్చిన వాన. మనిషైనా వానైనా, ఒకరైనా పదిమందైనా, ‘వచ్చిన’ మారదు. ‘వచ్చాడు, వచ్చింది, వచ్చారు’ అన్నప్పుడు క్రియ చివర ఉండే లింగం, వచనం, పురుష అన్నీ విశేషణం కాగానే రాలిపోతాయి. వాక్యం తేలికపడుతుంది. ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు మాత్రం రాలిపోయినవన్నీ ఏరి మళ్ళీ అతికించాలి.

నల్లగొండ వైపు మాటలో దీనికి ఒక అందమైన మెలిక ఉంది. ‘నేను వచ్చాను, పోయాను’ అనడానికి ఇక్కడ ‘నేను వచ్చిన, పోయిన’ అంటారు. వాక్యం అక్కడితో పూర్తయింది. అదే మాటకు ‘బస్సు’ చేరిస్తే ‘నేను వచ్చిన బస్సు’, అంటే వాక్యం ఇంకా మిగిలే ఉంది. పూర్తి క్రియకూ విశేషణానికీ ఒకే రూపం. అయినా మాట్లాడేవాళ్ళకు ఎన్నడూ తికమక రాదు, వెనక నామవాచకం వచ్చిందా లేదా అన్నది చెవి చూసుకుంటుంది. తెలుగు చెవికి ఉన్న ఈ తెలివిని ఇంగ్లీషు పాఠంలో ఎవరూ వాడుకోకపోవడం పెద్ద నష్టం.

తెలుగులో సంబంధ సర్వనామం లాంటిది అసలు లేదా అంటే, ఒక రకంగా ఉంది. ‘ఎవరు ముందొస్తారో వాళ్ళకే సీటు’, ‘ఏది చవగ్గా దొరికితే అది కొను’ అంటాం. ఎవరు-వాళ్ళు, ఏది-అది అని జంటగా వచ్చే వాక్యాలివి. ఇవి సామెతలకూ షరతులకూ బాగుంటాయి గాని ‘నిన్న ఎవరు వచ్చారో ఆ అబ్బాయి’ అని ఎవరూ అనరు.

పోయిన విభక్తిని వెతకడం

ధాతుజ విశేషణంలో రాలిపోయేవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది విభక్తి. ‘నేను కూర్చున్న కుర్చీ’ అన్న మాటలో కుర్చీ ‘మీద’ కూర్చున్నామని ఎక్కడా లేదు. వినేవాడికి అది చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషులో చెప్పి తీరాలి: ‘ది చైర్ ఆన్ విచ్ ఐ శాట్’, లేదా ‘ది చైర్ ఐ శాట్ ఆన్’. తెలుగు పిల్లలు ‘ది చైర్ విచ్ ఐ శాట్’ అని ఆపేస్తారు. ‘ది హౌస్ విచ్ ఐ లివ్’ అన్నదీ అలాంటిదే, ఇంటికి ఉండవలసిన ‘లో’ అక్కడ లేదు. ఇంగ్లీషు పేపర్లలో ఎర్ర సిరా ఎక్కువగా పడే చోట్లలో ఇదొకటి. పిల్లవాడు దీన్ని మరిచిపోయి వదిలేయలేదు. అతని భాషలో ఆ స్థలం ఖాళీగానే ఉంటుంది.

కాబట్టి సంబంధ సర్వనామం ఎంచుకోవడానికి మంచి దారి, ముందు తెలుగులోనే వాక్యాన్ని విడగొట్టడం. ‘నిన్న వచ్చిన మాస్టారు’: మాస్టారు వచ్చారు. మాస్టారికి ఏ విభక్తీ లేదు, పని చేసింది ఆయనే. అక్కడ ‘హూ’. ‘బస్టాండులో నేను చూసిన మాస్టారు’: మాస్టారిని చూశాను. ‘ను, ని’ వచ్చింది, అక్కడ ‘హూమ్’. ‘నేను పుస్తకం ఇచ్చిన మాస్టారు’: మాస్టారికి ఇచ్చాను. ‘కి’ వచ్చింది, ‘టు హూమ్’. ‘నేను మాట్లాడిన మాస్టారు’: మాస్టారితో మాట్లాడాను, ‘విత్ హూమ్’ లేదా ‘టు హూమ్’. మనిషి స్థానంలో వస్తువో ఊరో ఉంటే హూ, హూమ్ రెండిటికీ బదులు ‘విచ్’ వస్తుంది, విభక్తి మాత్రం అలాగే ఉంటుంది. ‘వడ్లు ఆడించిన మిల్లు’: మిల్లులో ఆడించారు, ‘ఇన్ విచ్’ లేదా ‘వేర్’. ‘నీళ్ళు వచ్చే కాలువ’: కాలువ నుంచి వస్తాయి, ‘ఫ్రమ్ విచ్’, కాలువలోకి వస్తాయి అన్న అర్థమైతే ‘ఇంటూ విచ్’. తెలుగులో రెండర్థాలకూ తావిచ్చిన మాటను ఇంగ్లీషు ఒక అర్థానికి కట్టేస్తుంది.

హూ, హూమ్ తేడా ఇంగ్లీషువాళ్ళకే సడలిపోయింది. మాట్లాడేటప్పుడు ‘హూమ్’ అనేవాళ్ళు తక్కువ, చాలాసార్లు సర్వనామాన్నే వదిలేసి ‘ది టీచర్ ఐ సా’ అంటారు. రాతలోనూ అలా వదిలేయడం తప్పు కాదు. వదలకూడని చోటు ఒకటుంది. సర్వనామమే పని చేసే కర్త అయినప్పుడు అది ఉండి తీరాలి. ‘ది బాయ్ కేమ్ ఎస్టర్డే ఈజ్ మై కజిన్’ అన్న వాక్యం నిలబడదు. కర్త అయిన చోట హూ తప్పనిసరి, ‘ను, ని’ వచ్చే చోట హూమ్‌ను వదిలేయవచ్చు అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

‘హూజ్’ సంగతి ఇంకా బాగుంటుంది. ‘ఇల్లు కూలిన రైతు’ అంటాం. కూలింది ఇల్లు, రైతు కాదు. రైతుకూ కూలడానికీ మధ్య ‘రైతు ఇల్లు’ అన్న సంబంధం ఉంది, అది మాటల్లో కనబడదు. విడగొడితే కనబడుతుంది: రైతు ఇల్లు కూలింది. అప్పుడు ‘ది ఫార్మర్ హూజ్ హౌస్ కొలాప్స్‌డ్’. ‘కొడుకు అమెరికాలో ఉన్న ఆయన’, ‘కూతురు పెళ్ళి కుదిరిన ఆమె’ ఇలా తెలుగులో ఎంత తేలిగ్గా వస్తాయో, పరీక్షలో ‘హూజ్’ అంత అరుదుగా సరైన చోట పడుతుంది. అన్నట్టు ఇది మనుషులకే పరిమితం కాదు. గోడలు తడిసిన ఇంటికీ ‘హూజ్’ వాడవచ్చు.

విడగొట్టినా ఏ విభక్తీ దొరకని మాటలు తెలుగులో కొన్ని ఉన్నాయి. ‘అన్నం మాడిన వాసన’ తీసుకుంటే, అన్నం మాడింది సరే, వాసనకూ మాడటానికీ మధ్య ఏ ప్రత్యయం పెట్టాలి? ఏదీ కుదరదు. ఇంగ్లీషులో ఇక్కడ సంబంధ సర్వనామానికి చోటే లేదు, ‘ది స్మెల్ ఆఫ్ బర్న్ట్ రైస్’ అనాలి. ‘వచ్చే వారం’, ‘పోయిన ఏడు’ కూడా అలాంటివే. అక్కడ ఉన్నవి ధాతుజ విశేషణాలే అయినా ఇంగ్లీషులో అవి నెక్స్ట్ వీక్, లాస్ట్ ఇయర్. ‘ఆయన చనిపోయిన సంగతి’ అన్నప్పుడు ‘ది ఫ్యాక్ట్ దట్ హి డైడ్’ అని దట్ వస్తుంది, అది సర్వనామం కాదు గనక దాని బదులు విచ్ పెట్టకూడదు.

దట్, వాట్, ఒక కామా

‘దట్’ మనుషులకూ వస్తువులకూ రెండిటికీ పనికొస్తుంది కాబట్టి తోచనప్పుడు దట్ వేస్తే గండం గడుస్తుందని కొందరు నేర్పుతారు. ఇది సగమే నిజం. ‘ఇన్ దట్ ఐ లివ్’ అని విభక్తి మాట వెనక దట్ రాదు. కామా తర్వాత కూడా రాదు.

ఆ కామాకు ఇంగ్లీషులో ఉన్న విలువను తెలుగు పాఠకుడు ఊహించలేడు. ‘కోదాడలో ఉండే మా అన్న’ అంటే అన్న ఒక్కడేనా, నలుగురున్నారా అన్నది తెలుగు వాక్యం చెప్పదు. ఇంగ్లీషులో కామా లేకుండా ‘మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ కోదాడ’ అని రాస్తే అన్నలు ఇంకా ఉన్నారని, వారిలో కోదాడ అన్న అని అర్థం. కామాల మధ్య పెడితే అన్న ఒక్కడే, కోదాడలో ఉండటం అదనపు సమాచారం. ఊరి పేరు, మనిషి పేరు ఉన్నప్పుడు కామా దాదాపు తప్పదు. ‘పిల్లలమర్రి, విచ్ ఈజ్ నియర్ సూర్యాపేట, హాజ్ కాకతీయ టెంపుల్స్’ అన్న వాక్యంలో కామాలు తీసేస్తే సూర్యాపేట దగ్గరిది కాని పిల్లలమర్రి మరొకటి ఉందని, దాని నుంచి దీన్ని వేరుచేస్తున్నామని అర్థం వస్తుంది.

‘వాట్’ మీద పడే తప్పును తెలుగే దిద్దగలదు. ‘ఆయన చెప్పిన మాట’ వేరు, ‘ఆయన చెప్పినది’ వేరు. చెప్పినది అంటే చెప్పిన ప్లస్ అది. వాట్ కూడా అంతే, ‘అది’ దాని కడుపులోనే ఉంది. అందుకే ‘వాట్ హి సెడ్ ఈజ్ ట్రూ’ సరైనది. ‘ది థింగ్ వాట్ హి సెడ్’, ‘ఆల్ వాట్ హి సెడ్’ అంటే ‘అది’ రెండుసార్లు చెప్పినట్టు. అక్కడ దట్ రావాలి.

ఏకవచనమా బహువచనమా అన్న దగ్గర పెద్ద పెద్ద చదువులవాళ్ళూ తడబడతారు. ‘షి ఈజ్ వన్ ఆఫ్ ది గర్ల్స్ హూ’ తర్వాత హాజ్ పెట్టాలా, హావ్ పెట్టాలా? తెలుగులో చెప్పుకుంటే జవాబు బయటపడుతుంది. ‘పాసైన అమ్మాయిల్లో ఈమె ఒకతె.’ పాసైన అన్నది అమ్మాయిలను అంటిపెట్టుకుంది, కాబట్టి ‘హావ్ పాస్డ్’. ‘అమ్మాయిల్లో పాసైనది ఈమె ఒక్కతే’ అయితే పాసైనది ఈమెనే అంటుకుంది, ‘ది ఓన్లీ వన్ ఆఫ్ ది గర్ల్స్ హూ హాజ్ పాస్డ్’.

కాలాన్ని మోసేది చివరి క్రియ

కాలాల దగ్గరికి వస్తే, తెలుగు వాక్యం కట్టుబడిలో ఒక పొదుపు ఉంది. ‘సూర్యాపేట వెళ్ళి, పుస్తకాలు కొని, సాయంత్రానికి తిరిగొచ్చాడు’ అన్న వాక్యంలో పనులు మూడున్నా కాలం చెప్పేది చివరి క్రియ ఒక్కటే. వెళ్ళి, కొని అన్న క్త్వార్థకాలకు సొంత కాలం లేదు. రేపటి సంగతైతే చివర ‘తిరిగొస్తాడు’ అంటే చాలు, మిగతా రెండూ కదలవు. ఇంగ్లీషులో వెంట్, బాట్, కేమ్ బ్యాక్ అని మూడు క్రియలూ మూడుసార్లు కాలాన్ని మోయాలి. ఒక్క వాక్యంలో మొదటి క్రియ వర్తమానంలో, చివరిది భూతకాలంలో రాసే పిల్లలు ఈ పొదుపుకు అలవాటుపడ్డవాళ్ళే.

ధాతుజ విశేషణమూ అంతే. ‘ఎదురుగా వస్తున్న లారీని చూశాడు’ అన్నప్పుడు చూడటం అయిపోయింది, ‘వస్తున్న’ మాత్రం వర్తమానంగానే ఉంది. చివరి క్రియను బట్టి అర్థం చేసుకోమని తెలుగు వినేవాడికి వదిలేస్తుంది. ఇంగ్లీషు వదలదు: ‘హి సా ఎ లారీ దట్ వాజ్ కమింగ్ టువార్డ్స్ హిమ్.’ ‘జ్వరంగా ఉందని చెప్పాడు’ అన్న చోటా ఇదే జరుగుతుంది. తెలుగులో ‘ఉంది’ అలాగే ఉండిపోతుంది, ఇంగ్లీషులో ‘హి సెడ్ దట్ హి హాడ్ ఎ ఫీవర్’ అని వెనక్కి జరుగుతుంది.

‘వచ్చే’ అన్న రూపమైతే ఎన్ని కాలాల్లోకైనా ఒదుగుతుంది. ‘రోజూ వచ్చే బస్సు’కు కమ్స్, ‘రేపు వచ్చే బస్సు’కు విల్ కమ్, ‘మా చిన్నప్పుడు వచ్చే బస్సు’కు యూజ్డ్ టు కమ్. ‘వస్తాడు’ కూడా ఇలాంటిదే. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణంలో భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు తద్ధర్మం అన్నది విడిగా ఉంది. స్వభావాన్ని, అలవాటును చెప్పే రూపమది. నేటి తెలుగులో అలవాటుకూ రేపటికీ ఒకే రూపం మిగిలింది. ‘పెద్దగట్టు జాతర రెండేళ్ళకోసారి జరుగుతుంది’ అన్నది అలవాటు, కాబట్టి ‘ఈజ్ హెల్డ్ ఎవ్రీ టూ ఇయర్స్’. దురాజ్‌పల్లిలో వచ్చేసారి జరగబోయే జాతర గురించైతే ‘విల్ బి హెల్డ్’. ‘ఈజ్ బీయింగ్ హెల్డ్ ఎవ్రీ టూ ఇయర్స్’ అన్నది మాత్రం తప్పు.

తెలుగు పిల్లలను ఎక్కువగా దెబ్బతీసేది ప్రెజెంట్ పర్ఫెక్ట్. ‘తిన్నాను’ అన్న ఒక్క మాటకు ఇంగ్లీషులో ‘ఐ ఏట్’, ‘ఐ హావ్ ఈటెన్’ అని రెండున్నాయి. ఎప్పుడన్నది చెబితే మొదటిది, చెప్పకుండా ఇప్పటి స్థితితో ముడిపెడితే రెండోది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. తేదీ ఉంది, అక్కడ ‘లెయిడ్’ తప్ప ‘హాజ్ లెయిడ్’ పనికిరాదు. కాలువలకు 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్ళు వదిలారు, ‘రిలీజ్డ్’. ఎడమ కాలువ యాభై ఏళ్ళకు పైగా మిర్యాలగూడ పొలాలను తడుపుతోంది. మొదలైంది అప్పుడు, ఇంకా సాగుతోంది. తెలుగులో ‘తడుపుతోంది’ అని వర్తమానమే చాలింది, ఇంగ్లీషులో ‘ఈజ్ వాటరింగ్’ అంటే ఆ యాభై ఏళ్ళు ఇమడవు, ‘హాజ్ బీన్ వాటరింగ్’ కావాలి. సూర్యాపేట 2016 అక్టోబరు 11న జిల్లా అయింది. ‘బికేమ్ ఎ డిస్ట్రిక్ట్’ అనాలి. ఆనాటి నుంచి జిల్లాగా ఉంది, ‘హాజ్ బీన్ ఎ డిస్ట్రిక్ట్ సిన్స్ 2016’.

సెలవు చీటీల్లో తరతరాలుగా నడుస్తున్న వాక్యం ఒకటుంది: ‘ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ టూ డేస్.’ ఇందులో తప్పులు రెండు. రెండూ ‘రెండు రోజుల నుంచి జ్వరంతో బాధపడుతున్నాను’ అన్న చక్కని తెలుగు వాక్యం నుంచి దిగినవే. బాధపడుతున్నాను అన్నది యామ్ సఫరింగ్ అయింది. నుంచి అన్నది సిన్స్ అయింది. తెలుగులో ‘సోమవారం నుంచి’, ‘రెండు రోజుల నుంచి’ రెండిటికీ నుంచే. ఇంగ్లీషులో సోమవారానికి సిన్స్, రెండు రోజులకు ఫర్. తేడా పట్టడానికి తెలుగులోనే ఒక కొలత ఉంది. నుంచి బదులు ‘గా’ పెట్టి చూడాలి. ‘రెండు రోజులుగా’ కుదిరింది, అది ఫర్. ‘సోమవారంగా’, ‘చిన్నప్పటిగా’ కుదరలేదు, అవి సిన్స్. సరైన వాక్యం ‘ఐ హావ్ బీన్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ ఫర్ టూ డేస్.’

‘తెలుసు’ అన్న మాటకు తెలుగులో కాలభేదమే లేదు. ‘ఆయన నాకు పదేళ్ళుగా తెలుసు’ అంటాం. ఇంగ్లీషులో ‘ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్’ అవుతుంది గాని ‘యామ్ నోయింగ్’ కాదు. ‘ఇద్దరు అన్నలున్నారు’ అన్నదాన్ని ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అనడమూ ఇలాంటి పొరపాటే. తెలియడం, ఉండటం, ఇష్టపడటం జరుగుతున్న పనులు కావు, స్థితులు. వాటికి ఇంగ్లీషు ఐఎన్‌జీ తగిలించదు.

‘డిడ్ నాట్ వెంట్’ అన్న తప్పును దిద్దడానికి తెలుగు కన్నా మంచి ఉపాధ్యాయుడు లేడు. ‘వెళ్ళాడు’కు వ్యతిరేకం ‘వెళ్ళలేదు’. ‘వెళ్ళాడులేదు’ అని ఏ పిల్లవాడూ అనడు. లేదు వచ్చిందంటే క్రియ తన కాలాన్ని, పురుషను వదిలేసి ‘వెళ్ళ’ అని ఉత్త రూపంలో నిలబడుతుంది. డిడ్ నాట్ కూడా అచ్చంగా ‘లేదు’ లాంటిదే, దాని పక్కన క్రియ ‘గో’గానే ఉండాలి. ఇక ‘నిన్న రాలేదు’ డిడ్ నాట్ కమ్, ‘ఇంకా రాలేదు’ హాజ్ నాట్ కమ్ యెట్.

పాస్ట్ పర్ఫెక్ట్‌ను చాలామంది అనవసరంగా భయపడి వదిలేస్తారు, లేదా గొప్పగా ఉంటుందని ప్రతి భూతకాల వాక్యంలోనూ ‘హాడ్’ ఇరికిస్తారు. దాని చోటు చూపే మాటలు తెలుగులో ఉన్నాయి: ‘అప్పటికే’, ‘వెళ్ళేసరికి’. ‘నేను బస్టాండుకు వెళ్ళేసరికి మిర్యాలగూడ బస్సు వెళ్ళిపోయింది’ అంటే రెండు పనుల్లో ఒకటి ముందు జరిగింది, దానికి ‘హాడ్ లెఫ్ట్’. అలాంటి పోలిక లేనప్పుడు హాడ్ అక్కర్లేదు.

షరతు వాక్యాల సంగతీ చూడాలి. పదో తరగతి తెలుగు పాఠంలో చేదర్థకం ఉంది: ‘సాగర్ నీళ్ళు వదిలితే నాట్లు వేస్తారు.’ అదే పిల్లలకు ఇంగ్లీషు పాఠంలో ఇఫ్ క్లాజు ఉంది. ‘వదిలితే’లో భవిష్యత్తు గుర్తు లేదు, ఇంగ్లీషులోనూ ఇఫ్ తర్వాత విల్ రాదు: ‘ఇఫ్ దే రిలీజ్ వాటర్, ది ఫార్మర్స్ విల్ ట్రాన్స్‌ప్లాంట్.’ రెండు భాషలూ ఇక్కడ ఒక్క మాట మీద ఉన్నాయి. ‘వదిలి ఉంటే పంట చేతికొచ్చేది’ అన్న జరగని సంగతికి ‘ఇఫ్ దే హాడ్ రిలీజ్డ్ వాటర్, ది క్రాప్ వుడ్ హావ్ బీన్ సేవ్డ్’. వదిలి ఉంటే, హాడ్ రిలీజ్డ్. ఎంత దగ్గరి పోలిక! చేదర్థకం తెలుగు గంటలో, ఇఫ్ క్లాజు ఇంగ్లీషు గంటలో ఎవరి దారిన వారు చెప్పుకుంటూ పోతే, రెండూ ఒకటేనని పిల్లలకు చెప్పేదెవరు?

గోడ మీద వేలాడే పన్నెండు టెన్సుల పట్టిక కంఠతా పట్టించడం ఎంతకాలంగానో సాగుతోంది. మూడు కాలాలను నాలుగు తీరులతో గుణిస్తే పన్నెండు గళ్ళు వస్తాయి. వాటిలో ‘విల్ హావ్ బీన్ గోయింగ్’ లాంటి గడి సాధారణ మనిషికి ఏడాదికోసారైనా అవసరం పడదు. అయిదారు రూపాలు, వాటికి తెలుగులో దగ్గరి మాటలు బాగా పట్టుబడితే ఉత్తరమైనా ఇంటర్వ్యూ అయినా దాటవచ్చు.

ఒక వాక్యం పూర్తిగా

ఇదంతా ఒక్క వాక్యంలో ఎలా పనిచేస్తుందో చూడవచ్చు. ‘కాలువ నీళ్ళందక పంట ఎండిపోయిన రైతు మిర్యాలగూడ మిల్లులో హమాలీగా చేరాడు.’ ముందు చివరి క్రియ పట్టుకోవాలి: చేరాడు, జాయిన్డ్. ఎవరు? రైతు. కాబట్టి ఇంగ్లీషు వాక్యం ‘ది ఫార్మర్’తో మొదలవుతుంది, ‘జాయిన్డ్’ అతని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఇప్పుడు ఎండిపోయిన అన్న విశేషణాన్ని విడగొట్టాలి. ఎండింది రైతు కాదు, రైతు పంట. పోయిన సంబంధం దొరికింది, అది ‘హూజ్ క్రాప్’. ఎండటం ముందా, చేరడం ముందా? ఎండటం. కనక ‘హాడ్ డ్రైడ్ అప్’. ‘అందక’ అన్న చిన్న మాటలో కాలం లేదు, వ్యతిరేకం ఉంది, కారణం ఉంది. మూడూ విప్పితే ‘బికాజ్ ది కెనాల్ వాటర్ హాడ్ నాట్ రీచ్డ్ ఇట్’. అంతా కలిపితే: ‘ది ఫార్మర్ హూజ్ క్రాప్ హాడ్ డ్రైడ్ అప్ బికాజ్ ది కెనాల్ వాటర్ హాడ్ నాట్ రీచ్డ్ ఇట్ జాయిన్డ్ ఎ రైస్ మిల్ ఇన్ మిర్యాలగూడ యాజ్ ఎ హమాలీ.’ తెలుగులో తొమ్మిది మాటల్లో ఒదిగిన సంగతికి ఇంగ్లీషులో పాతిక దాకా పట్టాయి. వ్యాకరణంగా తప్పేమీ లేదు గాని, ఇంత పొడుగు వాక్యం రాసేకన్నా రెండుగా విరిచి రాయడమే మంచి ఇంగ్లీషు.

ఈ సాధనకు పుస్తకం కొననవసరం లేదు. రేపటి తెలుగు దినపత్రికలో జిల్లా పేజీ తీయండి. వచ్చిన, జరుగుతున్న, కట్టే, అందని లాంటి మాటలు కనబడిన చోటల్లా కింద గీత గీయండి. ప్రతి గీత పక్కన పోయిన విభక్తిని, దాగిన కాలాన్ని పెన్సిలుతో రాయండి. ఇంగ్లీషులోకి మార్చడం ఆ తర్వాత. మొదటి రోజుకు పది చాలు.